బిల్లులో నా ధర

నా ధర నెలకి ఎనభై ఆరు వేలని నాకు ముప్పై నాలుగేళ్లు నిండాక తెలిసింది. అప్పటిదాకా ఇరవై రెండు వేలే అనుకుని బతికాను.

నేను పనిచేసేది నరసరావుపేటలో ఒక ప్రభుత్వ శాఖ జిల్లా ఆఫీసులో. శాఖ పేరు మీకెందుకు లెండి, నేనింకా అక్కడే ఉన్నాను. కంప్యూటర్ సెక్షన్ అంటే ఒక గది, రెండు కుర్చీలు, ఒక ఏసీ. ఆ ఏసీ కూడా మా కోసం కాదు, సర్వర్ కోసం. ఒక కుర్చీ దేవికది, ఇంకోటి నాది. ఇద్దరం ఒకే కాలేజీలో కంప్యూటర్ సైన్సు చదివాం, ఒకే పోటీ పరీక్ష రాశాం. ఆమె పాసై పర్మినెంట్ ఇంజినీరుగా వచ్చింది. నేను మూడు మార్కుల్లో పోయి, ఏజెన్సీ మనిషిగా వచ్చాను. ఆమె జీతం డెబ్బై నాలుగు వేలు. నాది ఇరవై రెండు. మూడు మార్కులకి యాభై రెండు వేలు. మార్కుకి ఎంత పడుతుందో లెక్కేసుకుని తిట్టుకున్న రోజులు చాలా ఉన్నాయి.

పనిలో తేడా ఉందని ఎవరన్నా అంటే నాకు ఒళ్లు మండుతుంది. మండలాల నుంచి వచ్చే అర్జీలన్నీ నడిచే సాఫ్ట్‌వేర్ నేను రాసిందే. సర్వర్ ఆగిపోతే ఆదివారమైనా ఫోను నాకే వస్తుంది. దేవిక ఆ మాట దాచదు. "గోపీ ఉన్నాడు కాబట్టే నేను లీవు పెట్టగలుగుతున్నా" అని అందరి ముందూ అంటుంది. ఆమె మీద కోపం తెచ్చుకుందామని ఎన్నోసార్లు చూశాను గానీ, రాలేదు.

మాతో చదివిన సందీప్ హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీలో చేస్తాడు. వాడితో మాట్లాడితే మాటలన్నీ చివరికి జీతాల దగ్గరికే వస్తాయి. ఒకసారి వాడే చెప్పాడు. "ఒరేయ్, మా కంపెనీ నన్ను క్లయింటుకి గంటకి ముప్పై డాలర్లకి ఇస్తదిరా. నెలకి నాలుగు లక్షలు. అందులో నా చేతికొచ్చేది మూడో వంతు. మిగతాది వాళ్లు మింగుతారు. కాకపోతే ఆ సంగతి నాకు చెప్పే మింగుతన్నారు. తెలిసే అమ్ముడుపోయా." ఆ రోజు వాడి మీద జాలిపడ్డాను. మనకి ఆ గొడవ లేదు, ప్రభుత్వం దగ్గర ఈ బేరాలుండవు అనుకున్నాను. నా తెలివి అలా ఉండేది.

జనవరిలో విజయవాడ హెడ్డాఫీసు నుంచి ఒక మెమో వచ్చింది. ఏజెన్సీల ద్వారా పనిచేసే కంప్యూటర్ ఇంజినీర్ల మీద ప్రభుత్వం పెడుతున్న ఖర్చెంత, అదే పనికి పర్మినెంట్ ఇంజినీరు మీద పెడుతున్న ఖర్చెంత, చివరికి ఆ ఏజెన్సీ మనిషి చేతికి అందుతున్నదెంత అని మూడు గడుల్లో రాసి పంపమన్నారు. ఏజెన్సీ ఖర్చే ఎక్కువని తేలిన చోట, ఏజెన్సీని తీసేసి ఆ మనిషినే నేరుగా కాంట్రాక్టులోకి తీసుకుంటారట. నెలకి యాభై ఎనిమిది వేలు. షరతులు మూడున్నాయి. ఐదేళ్ల సర్వీసు ఉండాలి, జూలై నాటికి ముప్పై ఐదు దాటకూడదు, ఏజెన్సీ యజమానికి దగ్గరి బంధువై ఉండకూడదు.

నాకు ఆరేళ్ల సర్వీసు. ఆగస్టులో ముప్పై ఐదు నిండుతాయి. ఒక్క నెలలో బతికిపోయాను. ఆ మెమో ప్రింటు తీసి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లి నాగవేణికి చూపించాను. నా పెళ్లాం ఏదీ తొందరగా నమ్మదు. రెండుసార్లు చదివి, "యాభై ఎనిమిది అంటే చేతికే యాభై ఎనిమిదా?" అని అడిగింది. అవునన్నాను. మర్నాడు పాపకి రెండు పూటలా గుడ్డు వండింది.

ఇక మా మామయ్య గురించి. మా నాన్న పెదకోటయ్య నేను ఇంటర్‌లో ఉండగా పోయాడు. అమ్మ తమ్ముడు బ్రహ్మాజీ మమ్మల్ని గురజాల పక్క ఊరి నుంచి నరసరావుపేట తీసుకొచ్చి, నన్ను ఇంజినీరింగులో చేర్పించి, నాలుగేళ్లూ ఫీజు కట్టాడు. ఆయనకి పొలం ఉంది, రాజకీయం ఉంది, సత్తెనపల్లి రోడ్డులో ట్రాక్టర్ విడిభాగాల షాపు ఉంది. పోటీ పరీక్ష పోయి నేను ఇంట్లో ముఖం వేలాడేసుకుని కూర్చుంటే, ఈ ఉద్యోగం వేయించింది కూడా ఆయనే. త్రికూట సొల్యూషన్స్ అని ఒక ఏజెన్సీ, తెలిసినవాళ్లది అన్నాడు. ఆ ఏజెన్సీ ఆఫీసు నేనెప్పుడూ చూడలేదు. ఒకటో తారీకున మామయ్య షాపుకి వెళ్తే ఇరవై రెండు వేలు లెక్కపెట్టి ఇచ్చేవాడు, ఒక కాయితం ముందుకి తోసేవాడు. పైన ఏజెన్సీ పేరు, కింద నా పేరు, మధ్యంతా ఖాళీ. "లెక్కలు తర్వాత రాసుకుంటార్లే, పెట్టు" అనేవాడు. పెట్టేవాణ్ణి.

ఇంజినీరు చదివినవాడు ఖాళీ కాయితం మీద సంతకం పెడతాడా అని మీకు అనిపించొచ్చు. మా ఇళ్లలో పెడతాం. అయినవాళ్లు కాయితం ఇస్తే చదవకూడదు. చదవడమంటే ముఖం మీద ఉమ్మినట్టే. మా పెదనాన్న వెంకటప్పయ్య ఒకసారి పొలం గట్టు ఒప్పందం మీద సంతకం చేసేముందు జేబులోంచి కళ్లజోడు తీశాడు. అంతే. "అంటే నేను మోసం రాశాననా?" అని అవతలాయన లేచిపోయాడు. వాళ్లిద్దరూ వేలువిడిచిన అన్నదమ్ములు. పదహారేళ్లయింది, ఈ ఇంటి చావుకి ఆ ఇంటివాళ్లు రాలేదు. కళ్లజోడు తీసినందుకు! నేను కోడ్‌లో ఒక్క చుక్క తప్పుపడితే పట్టుకునేవాణ్ణి, మామయ్య ఇచ్చిన కాయితాన్ని ఆరేళ్లలో ఒక్కసారి కూడా పైనుంచి కిందికి చూడలేదు.

మెమోకి జవాబు తయారుచేసే పని సహజంగానే నా మీదే పడింది. జిల్లాలో ఏజెన్సీ బిల్లులు ఎవరం చూడం. మేం హాజరు పంపుతాం, బిల్లులు నేరుగా విజయవాడ వెళ్తాయి. అందుకని ఆ ఫైలు హెడ్డాఫీసు వాళ్లే పంపారు. దాన్ని తెరిచే అధికారం దేవిక లాగిన్‌కే ఉంది. ఆమె చదువుతోంది, నేను టైపు చేస్తున్నాను.

"పర్మినెంట్ ఇంజినీరు. నా జీతం, పెన్షన్ వాటా, అన్నీ కలిపి ఎనభై ఒక్క వేలు."

కొట్టాను.

"ఏజెన్సీ ఇంజినీరు." ఆమె స్క్రీనుకి దగ్గరగా వంగింది. "గోపీ, నిన్ను సీనియర్ సిస్టమ్స్ ఇంజినీర్ అని రాశారు."

"ఏం, నేను కాకూడదా?"

"నెలకి ఎనభై ఆరు వేలు. పన్ను కాక."

నాకు మొదట సంతోషమే కలిగింది. నిజం చెబుతున్నాను. ఎనభై ఆరు ఎనభై ఒకటి కంటే ఎక్కువ. అంటే నా ఖర్చే ఎక్కువ, అంటే నా పేరు జాబితాలో ఉన్నట్టే. "చూశావా, సర్కారుకి నేను నీకంటే ఖరీదైనవాణ్ణి" అని నవ్వాను. దేవిక నవ్వలేదు. నేను మూడో గడిలో ఇరవై రెండు వేలు కొట్టబోతుంటే ఆపింది.

"ఇక్కడ అరవై రెండు వేలు ముట్టినట్టు ఉంది. ప్రతి నెలా. నీ సంతకంతో."

ఆమె స్క్రీను నా వైపు తిప్పింది. నా సంతకమే. ఖాళీగా ఉండాల్సిన చోట చక్కగా అంకెలు టైపు చేసి ఉన్నాయి. నెల తర్వాత నెల చూసుకుంటూ పోయాం. పాపకి జ్వరమొచ్చి నేను షాపు దగ్గర బండి కూడా దిగకుండా సంతకం గీకి వెళ్లిన నెల కూడా ఉంది, అక్షరాలు వంకరపోయి. మామయ్య ఎవరి చేతిలోనో మోసపోయాడు అనుకున్నాను. ఆయన్ని అనుమానించాలన్న బుద్ధి అప్పటికీ పుట్టలేదు.

"ఈ త్రికూట ఎవరిదో చూడు" అన్నాను.

దేవిక టెండరు కాయితాల దాకా వెళ్లింది. మహిళలు నడిపే సంస్థ అని, అందుకని డిపాజిట్టు మినహాయింపు అని ఉంది. కింద ఫొటో. ఫొటో కింద పేరు. దేవిక పైకి చదివింది. "ప్రొప్రయిటరు శ్రీమతి గురవమ్మ, భర్త కీర్తిశేషులు పెదకోటయ్య. గోపీ, ఈమె నీకు తెలుసా?"

"మా అమ్మ" అన్నాను.

మామయ్య షాపుకి ఎలా వెళ్లానో గుర్తులేదు. ఆయన గల్లా దగ్గర కూర్చుని ఎవరితోనో ఫోన్లో నవ్వుతున్నాడు. నన్ను చూసి, ఫోను పెట్టేసి, "ఏందిరా అల్లుడూ, ఆఫీసు టైములో వచ్చావు? టీ చెప్పనా?" అన్నాడు.

"మామా, త్రికూట ఎవరిది?"

"మీ అమ్మదే" అన్నాడు.

తడబడలేదు. అబద్ధం ఆడతాడని, దాన్ని పట్టుకుని అరుద్దామని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

"ఆడోళ్ల పేరైతే డిపాజిట్టు లేదన్నారు. మీ అత్త గవర్నమెంటు టీచరాయె, ఆమె పేరు పెట్టగూడదు. అక్క పేరు పెట్టా. తప్పేంది?"

"నా పేరు మీద ఎనభై ఆరు తీసుకుని నాకు ఇరవై రెండా?"

"మొత్తం నేనే తింటన్నాననుకుంటన్నావా? టెండరుకి తిరగాల, మనుషుల్ని చూసుకోవాల, బిల్లు ఆరు నెల్లు ఆగితే నా చేతిలోది పెట్టి మీకియ్యాల. నీ ఒక్కడికేనా? తొమ్మిదిమంది ఉన్నారు. వాళ్లెవరూ రాలేదే నా మీదకి?"

"వాళ్లకి తెలియదు మామా."

"నీకు తెలిస్తే ఏమయింది? ఉజ్జోగం ఇప్పిచ్చింది ఎవురు? చదివిచ్చింది ఎవురు?"

"అరవై రెండు ముట్టినట్టు నా సంతకం తీసుకున్నావు."

"నువ్వు పెట్టావు. మెడ మీద కత్తి పెట్టానా? ఇంజినీరువి గదా, చదూకోవాల్సింది."

నేను ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ కాయితం చేతిలోకి తీసుకుని చదివి ఉంటే ఆయన ఏమనేవాడో నాకు బాగా తెలుసు. ఏరా, మామ మీద నమ్మకం లేదా అనేవాడు. సాయంత్రానికి అమ్మకి ఫోను చేసి, నీ కొడుకు పెద్దోడయ్యాడే అక్కా అనేవాడు. అమ్మ నాతో రెండు రోజులు మాట్లాడేది కాదు. ఇప్పుడు అదే మనిషి చదవలేదని నన్నే దెప్పుతున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన ముందు ఏడవడం ఇష్టంలేక బయటికి వచ్చేశాను. నాన్న పోయిన రోజు నన్ను దగ్గరికి తీసుకుని కూర్చోబెట్టుకుంది ఆయనే. ఆ సంగతి గుర్తుకు రాకుండా ఉంటే ఆయన్ని ఇంకొంచెం గట్టిగా తిట్టగలిగేవాణ్ణి.

అమ్మ మా దగ్గరే ఉంటుంది, మా రెండు గదుల అద్దె ఇంట్లోనే. నేను వెళ్లేసరికి గోంగూర వలుస్తోంది. నాగవేణి కుట్టుమిషను దగ్గర ఉంది. జరిగిందంతా చెప్పాను. అంకెలు రెండుసార్లు చెప్పాను. నాగవేణి మిషను ఆపేసింది. అమ్మ మాత్రం ఆకు వలుస్తూనే ఉంది.

"నీకు ఈ సంగతి తెలుసా అమ్మా?"

"నాకేం తెలుసుద్దిరా? తమ్ముడు కాయితం తెచ్చి పెట్టమన్నకాడ పెట్టా. ఫొటో దిగమంటే దిగా."

నమ్మాను. పొదుపు సంఘంలో చేరాక, నలభై ఏళ్ల వయసులో సంతకం నేర్చుకున్న మనిషి. ఆవిడ పేరు ఆవిడ రాసుకోవడమే గొప్పగా ఉండేది. పైన ఏముందో చదవడం ఆవిడకి రాదు. నాకు వచ్చి కూడా నేను చదవలేదు కదా, ఆవిణ్ణేం అంటాను?

బిల్లుల్లో తేడా సంగతి హెడ్డాఫీసుకి చెప్పానని, విచారణకి మర్నాడే అక్కణ్ణుంచి ఒక అధికారి వస్తున్నాడని దేవిక ఫోను చేసింది. ఒకటే దారి ఉందంది. అమ్మ వచ్చి, పేరే తనదని, నడిపేది వేరేవాళ్లని, కొడుక్కి ఇరవై రెండు వేలే అందుతున్నాయని చెబితే చాలు, బంధువన్న షరతు నాకు అడ్డురాదట. అమ్మకి ఆ మాటలే తెలుగులో ఒక కాయితం మీద రాసి, నెమ్మదిగా చదివి వినిపించాను.

"తమ్ముణ్ణి పట్టుకుపోతారా?" అంది అమ్మ.

"లేదమ్మా. ఏజెన్సీని తీసేస్తారు. తిన్నది కట్టమంటారు, అంతే" అన్నాను. అంతేనో కాదో నాకూ తెలియదు.

"సరేలే. వస్తా. చెప్తా" అంది.

నాగవేణి నన్ను వంటగదిలోకి పిలిచింది. "ఆ కాయితం మీద ఇప్పుడే సంతకం చేయిచ్చుకో. రేపటిదాకా ఎందుకు?"

"అమ్మ దగ్గర కూడానా?" అన్నాను.

"ఎవరైతే ఏంది?"

"ఇప్పుడే పెట్టంటే ఏమనుకుద్ది? వస్తానందిగా."

నాగవేణి నన్ను ఒక చూపు చూసి మళ్లీ మిషను దగ్గరికి పోయింది. ఆ రోజు పొద్దున్నే సంతకాల సంగతి తెలిసి తల పగిలినవాణ్ణి, సాయంత్రానికి అమ్మని సంతకం అడగడానికి మొహమాటపడ్డాను. నన్ను చెప్పుతో కొట్టాలి.

వచ్చిన అధికారి పేరు అబ్దుల్ జబ్బార్. పెద్దమనిషి, నెమ్మదస్తుడు. అమ్మ లోపలికి రాగానే కుర్చీ వేయించి, మంచినీళ్లు తెప్పించాడు. అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. వరండా బెంచీ మీద మామయ్య తెల్లచొక్కాలో కూర్చుని ఉన్నాడు. ఆయన్ని ఎవరు పిలిచారో నేను అడగలేదు. రాసుకోవడానికి దేవిక పక్క బల్ల దగ్గర కూర్చుంది.

"గురవమ్మ గారూ, భయపడకండి" అన్నాడు జబ్బార్ గారు. "ఈ సంస్థ నిజంగా మీదా, లేక మీ పేరు ఇంకెవరన్నా వాడుకున్నారా? పేరుకే అని మీరు చెప్తే మీ అబ్బాయి ఫైలు ముందుకెళ్తుంది. మీదే అంటే మాత్రం, నిబంధన ప్రకారం నేను ఆయన పేరు కొట్టెయ్యాలి. అర్థమైందా అమ్మా?"

"అర్థమయిందయ్యా."

"చెప్పండి మరి."

అమ్మ తలుపు వైపు చూసింది. వరండాలో మామయ్య చెప్పుల కొసలు కనిపిస్తున్నాయి.

"నాదేనయ్యా" అంది.

"అమ్మా!" అన్నాను.

"మీరు ఆగండి" అన్నాడాయన నాతో. "నడిపేది ఎవరమ్మా?"

"నేనే. రాయటం చదవటం తెలవదు గాబట్టి మా తమ్ముడు సాయం చేస్తాడు. ఆడదాన్ని, ఎన్ని ఆఫీసులు తిరగ్గలను?"

"మీ అబ్బాయికి జీతం ఎంత ఇస్తున్నారు?"

"అరవై రెండు వేలయ్యా."

దేవిక కలం ఆగిపోయింది.

"ఆయన ఇరవై రెండే అంటున్నాడు."

"నెలనెలా నా చేత్తోనే ఇస్తన్నా. ఒక ఇంట్లో ఉండేవాళ్లం, నాకు తెలవదా?" అని అమ్మ నా వైపు ఒకసారి చూసి, మళ్లీ ఆయన వైపు తిరిగింది. "పర్మినెంటు అయిద్దని ఆశపడ్డాడయ్యా. పిల్లోడు. ఏవనుకోబాకండి."

ఆ గొంతు నాకు తెలుసు. చిన్నప్పుడు నేను బడిలో తన్నులాడి వస్తే మాస్టారి ముందు ఆవిడ ఇలాగే మాట్లాడేది, ఈసారికి వదిలెయ్యండయ్యా అని. అప్పుడు నన్ను కాపాడటానికి వాడిన గొంతునే ఇప్పుడు వాడుతోంది. నేను లేచి ఏదో అరిచాను. ఇంట్లో పప్పులకి ఎంతవుతుందో, అద్దె ఎంతో, బ్యాంకులో ఎంతుందో చూసుకోండి అన్నాను. జబ్బార్ గారు కోప్పడలేదు. నన్ను చూసి జాలిపడ్డాడు, అది ఇంకా అన్యాయం.

"బాబూ, సంతకాలు నీవి. ఆమె కన్నతల్లి. కొడుకు మీద లేనిపోనిది చెప్పాల్సిన అవసరం ఏ తల్లికుంటుంది?" అన్నాడు. నేనైనా ఇంకెవరి ఇంటి సంగతో అయితే అదే మాట అనేవాణ్ణి.

దేవిక రాసింది అమ్మ ముందు పెట్టారు. "చదివి వినిపించమంటారా?" అని అడిగాడాయన.

"ఎందుకయ్యా, మీరు రాసింది నమ్మనా?" అని అమ్మ సంతకం పెట్టింది. ఒక్కో అక్షరం దిద్దుతూ పెట్టింది. తర్వాత జబ్బార్ గారు మా పట్టిక తీసుకుని, నా పేరు మీద స్కేలు పెట్టి గీత గీశాడు. మూడో గడిలో ఇరవై రెండు కొట్టేసి అరవై రెండు రాశాడు. ఇప్పుడు ఆ లెక్క చూసిన ఎవరికైనా నేను బాగానే సంపాదిస్తూ, చాలక ఏడ్చినవాణ్ణి.

దేవిక నా వైపు చూడలేకపోయింది. వరండాలో మామయ్య నా భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. "ఏం గాదులే అల్లుడూ, నీ ఉజ్జోగానికేం ఢోకా లేదు" అన్నాడు. ఆ చెయ్యి విసిరికొట్టి బండ్ల స్టాండు దగ్గరికి వచ్చాను. అమ్మ గబగబా నా వెనకే వచ్చింది.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నించీ. కంపెనీ పెట్టేటప్పుడే వాడు చెప్పాడు, అక్కా, ఇంత మిగుల్తది, గోపీకి ఇంతిస్తా అని. సరేనన్నా. మీ నాన్న పోయినాక మనల్ని ఎవురు చూశారు? నిన్ను చదివిచ్చింది వాడు గాదా? నీకు చెప్తే ఊరుకోవు. అందుకే చెప్పలా."

"పాప స్కూలు ఫీజుకి నాగవేణి గాజులు తాకట్టు పెట్టిన రోజు నువ్వు పక్కనే కూర్చుని ఉన్నావమ్మా. అప్పుడు కూడా తెలుసా?"

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఎండ ఎక్కువగా ఉంది.

మామయ్య మోసం చేస్తే కోపం వచ్చింది. కోపమైతే తిట్టుకోవచ్చు, ఊళ్లో నలుగురికీ చెప్పుకోవచ్చు, ఎప్పటికైనా తీర్చుకోవచ్చు. ఇది అలా లేదు. ఆరేళ్లుగా ఒక కంచంలోంచి తీసి ఇంకో కంచంలో వేస్తూ, పక్కనే కూర్చుని నాకు అన్నం వడ్డించింది మా అమ్మ. పులుసు బాగుందా అని అడిగింది. ఈ మాట ఎవరితో చెప్పుకోవాలో నాకు తెలియదు. చెబితే ఎవరూ నమ్మరని ఇప్పుడే లోపల చూసి వచ్చాను.

అమ్మ దగ్గరికి జరిగి, వరండా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఊరికే ఒప్పుకోలేదులేరా. పొద్దున వాడు ఫోను చేసినప్పుడు గట్టిగా అడిగా. వచ్చే నెల నుంచి నీకు రెండు వేలు పెంచాల, లేపోతే రానని చెప్పా. వెయ్యన్నాడు. వెయ్యికి కుదరదన్నా. చివరికి రెండుకి దిగొచ్చాడు." ఆవిడ ముఖం వెలిగింది. "ఇరవై నాలుగురా!"

నేను సంతోషిస్తానని నా ముఖంలోకి చూస్తూ నిలబడింది.

బండి తాళం తిప్పాను. ఎప్పటిలాగే నా భుజం పట్టుకుని వెనక ఎక్కబోయింది.

"ఆటోలో రా" అన్నాను.

"ఏందిరా?"

"ఆటోలో రా అమ్మా."

కలెక్టరాఫీసు రోడ్డు మలుపు తిరిగాక గుర్తొచ్చింది, ఆవిడ దగ్గర ఆటోకి డబ్బులు ఉండవు. పొద్దున నా బండి మీదే వచ్చింది. నేను బండి ఆపలేదు.